నీళ్ల కింది గడప

ఐదు గదులు, ఒకదాని భుజమ్మీద ఇంకొకటి.
పై గదికి పెరటి తలుపైనదే
కింది గదికి వీధి తలుపు.
మధ్యలో అరుగు లేదు,
ఆగి ఊపిరి పీల్చుకునే జాగా లేదు.

యార్క్‌షైర్ వానలో పందొమ్మిదేళ్లుగా
ఈ లాకుల కాపలా నాది.
వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే పాఠం:
దిగేటప్పుడు పై గది నిండుగా, కిందివన్నీ ఖాళీగా.
ఎక్కేటప్పుడు దీనికి తలకిందులు.
లెక్క తప్పితే నీళ్లు గట్టెక్కి
నా బంగాళాదుంప మడిలోకొస్తాయి.
రెండుసార్లు వచ్చాయి.

అక్టోబరు, మంగళవారం. పొద్దున్నుంచీ తుంపర.
గది పొడవు అరవై రెండడుగులు,
వచ్చిన నీలం పడవ యాభై ఏడు.
మిగిలిన ఐదడుగుల్లోనే ఉంటుంది జాగ్రత్తంతా.
చుక్కాని దగ్గర డెస్మండ్,
గట్టు మీద ఇనప పిడి పట్టుకుని నోరీన్.
పేర్లు వాళ్లు చెప్పలేదు, నా పుస్తకంలో సంతకాలు చెప్పాయి.

"పాలున్నాయేమో అతన్నడగండి" అంది నాతో.
"లేవని చెప్పండి" అన్నాడు, నాతోనే,
ఆమెకు మూడు గజాల దూరంలో నిలబడి.

కిటికీలో ఒక అట్టముక్క: పడవ అమ్మబడును.
ఎవరో దానిమీద అడ్డంగా గీత కొట్టారు.
ఇంకెవరో గీత పక్కనే మళ్లీ రాశారు.

ఆమె పిడి తిప్పింది.
పళ్లచక్రం టకటకా లెక్కపెట్టింది,
అడుగునెక్కడో నీళ్లు గుర్రుమన్నాయి.
పడవ దిగుతోంది, అతనితో,
పైకప్పు మీది జెరేనియం కుండీలతో.
ముందు మోకాళ్లు, తర్వాత నడుం,
ఆఖర్న టోపీ గట్టు కిందికి పోయాయి.
ఒకరు ఒడ్డున, ఒకరు గోతిలో.
పోట్లాటకి ఇంతకన్నా వాటమైన ఏర్పాటు లేదు.

కానీ లాకులో మూగనోము సాగదు.
రెండో తలుపు దగ్గర చెయ్యూపింది.
మూడో తలుపు దగ్గర "ఊఁ" అంది.
అదీ మాటేనని జమకట్టుకున్నాను.

నాలుగో గది. నాచు పట్టిన గోడలు, చిల్లుల్లోంచి కారే నీళ్లు.
గది నిండుగా ఉన్నంతసేపూ
వెనక తలుపు కింద గడప ఉన్నట్టే తెలియదు.
నీళ్లు తగ్గేకొద్దీ తేలుతుంది,
నల్లటి రాయి, గేదె వీపులా.
గోడ మీద తెల్లగీత గీసి పెట్టాం,
పడవ దీని వెనక్కి రాకూడదని.
అతను కెటిల్ దించడానికి లోపలికి వంగాడు.
పడవ ఒక మూర వెనక్కి జరిగింది.
నేను ఐదో గది దగ్గరున్నాను. చూసింది ఆమె.

"డెస్!"

పేరులో సగమే. మిగతా సగానికి వ్యవధి లేదు.
అప్పటికే తూము వదిలేసింది,
ఇనుము దబ్బున పడింది, నీటిరొద నిలిచింది.
పడవ తోక గడప మీద చిక్కి, ముక్కు కిందికి వంగి,
అల్మారాలో పింగాణీ అంతా ఒక్కసారిగా మాట్లాడింది.

నేను ఐదు గదుల మెట్లూ పరిగెత్తి ఎక్కాను.
పై కాలువ నుంచి గదిగదికీ బతిమాలుకుంటూ
నీళ్లు దింపుకొచ్చేసరికి ఇరవై నిమిషాలు.
తిరిగొచ్చి చూస్తే ఆమె తడిరాళ్ల మీద బోర్లా పడుకుని
తల లాకులోకి వేలాడేసి ఉంది.
అతను మొహం పైకెత్తి, వాన కళ్లలో పడుతున్నా దించకుండా.
ఏం అనుకున్నారో నాకు తెలియదు.
విన్నది చివరి ముక్కే:
"ఎన్ని పగిలాయి?"
"మీ అమ్మ ఇచ్చినవన్నీ."
నవ్విందెవరో చెప్పలేను.
ఆ రాళ్ల మధ్య ఎవరి గొంతైనా ఒకేలా ఉంటుంది.

తేలింది పడవ. నాలుగింటికి దిగువ కాలువలోకి జారింది.
అట్టముక్క ఇంకా కిటికీలోనే ఉంది.

పుస్తకంలో రాశాను:
ఒక పడవ, కిందికి. ఆలస్యం నలభై నిమిషాలు.
నష్టం: గడప రాతి మీద జానెడు నీలం రంగు.

గది ఖాళీ అయితేనే కనబడుతుంది అది.
ఏ పడవా రాని పొద్దుల్లో,
నీళ్లు దండగని తెలిసీ,
ఒకటి రెండుసార్లు ఖాళీ చేశాను.